గాలంకర్రకు పెట్టిన బొట్టు

స్వభాను, ఆశ్వయుజ శుద్ధ దశమి

ఈ పొద్దూ ఎప్పటిలాగే తెల్లారింది. బావిలో రెండు చేదలు తోడితే నీళ్లకన్నా బురదే ఎక్కువ. వాకిట కళ్లాపి, ముగ్గు. తులసి దగ్గర దీపం. నాయనకు రాగి అంబలి. మరదలు చెంగమ్మ పాలు పితుకుతూ ఆవును తిట్టడం — "కదలబాకే, నీ మొగాన మన్ను బడ!" నిన్నటి ఆయుధపూజ నేనే ఎత్తేశాను. కొడవలి, పార, నాగలి కర్రు, తమ్ముడు రత్నం ఉలులు — అన్నింటి పసుపు కుంకుమలు తడిబట్టతో తుడిచి ఎక్కడివక్కడ పెట్టాను.

అప్పుడు రత్నం కేక.

"అక్కా! ఇట్రా! ఇదేందో సూడు!"

చేతిలో గాలంకర్ర. రేణిగుంట రైలు దొర కోసం నాలుగు నెలలుగా చేస్తున్నది. కొండ వెదురును ఆరు బద్దలుగా చీల్చి, అతికించి, దారం పోయేందుకు ఏడు తీగ కడియాలు పెట్టి, ఒక్కోదాన్నీ ఆకుపచ్చ పట్టుదారంతో చుట్టాడు. ఆ చుట్ల మీద వార్నీషు అద్దంలా ఉండాలి. మూడింటి మీద తెల్లటి పొర. బుడగలు. లోపల ఎర్రటి నలుసులు.

"వార్నీషు డబ్బా తుప్పు దిగినట్టుండాది. కాదులే... నా చెయ్యే మంచిది కాదు."

తడిబట్ట ఇంకా నా భుజం మీదే ఉంది.

ఏకాదశి

ఉపవాసం. జపం కుదరలేదు.

పున్నమి మరునాడే దొర చేపల వేటకు ఊటీ కొండకు పోతాడు. కర్ర నచ్చితే ఆయన స్నేహితులకు ఇంకా నాలుగు కావాలట — యుద్ధం వల్ల ఇంగ్లండు సీమ నుంచి కర్రలు రావడం లేదు. నచ్చకపోతే రత్నం కోలారు గనులకు. వానల్లేక రెండేళ్లు. పేరు కూడా రాయించి వచ్చాడు. గనిలో దిగి వచ్చిన మా చిన్నాయన కొడుకు దగ్గు ఈ ఇంట్లోనే విన్నాం.

నాయన అరుగు మీద నుంచి — "ఈకను ఈగనుకోని మింగే పిచ్చి చేపలు ఆడుండాయంట. వాటికి ఆటకర్ర చేసే పిచ్చోడు ఈడుండాడు."

రత్నం లేచి లోపలికి వెళ్లాడు.

ద్వాదశి

పారణ చేయకముందే చెప్పేశాను.

"తుప్పు గాదు రత్నం. నేనే. నవమినాడు మూడు సుట్లకు బొట్లు పెట్టినాను. పూత ఆరిందనుకున్నా. తెల్లారి తడిగుడ్డతో తుడిసినాను."

తిడతాడనుకున్నాను.

"కొడవలికి పెట్టినట్టే పెట్టినావా? నాగలి పక్కనే?"

"పెట్టినాను. పనిముట్టే గదా."

నవ్వాడు! "నాయనా, ఇన్నావా? అక్క దీన్ని పనిముట్లలో కలిపేసింది!"

నాయన గొంతు సవరించుకున్నాడు.

మధ్యాహ్నమే పని మొదలు. బర్రెంక ఆకు — గరుకుగా ఉంటుంది — దాంతో పాడైన పూతను మెల్లగా రుద్దడం. దారం తెగకూడదు. రత్నం చేయి బరువట, నా చేతికే ఇచ్చాడు. స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడుపు. తెల్లపొర పోయింది... కింద ఆకుపచ్చ. రెండేళ్లుగా చూడని నారుమడి రంగు. ఈ వయసులో గుండె ఇట్లా కొట్టుకుంటుందా!

త్రయోదశి

రెండు చుట్లు బాగుపడ్డాయి. మూడోది, కొసన ఉన్నది — కుంకుమ పట్టులోకే ఇంకింది. కోసి తీశాం. దొర ఇచ్చిన పచ్చదారం అయిపోయింది. రత్నం సైకిల్ మీద నారాయణవనం, సాలెవాళ్ల ఇళ్లకు. సాయంత్రానికి వచ్చాడు.

"పచ్చ యాడా దొరకలేదక్కా." తెచ్చింది ఎరుపు.

చుట్టింది నేను. పోగు పక్కన పోగు, సందు లేకుండా. చెంగమ్మ ముక్కున వేలేసుకుంది — "వత్తులు చేసే చెయ్యి యాడికి పోతుంది వదినా!"

చతుర్దశి

మూడు చుట్లకూ కొత్త పూత. పూసి వదిలేస్తే ఒక పక్కకు కారుతుంది, తిప్పుతూనే ఉండాలి. ఎంతసేపు, ఎంత మెల్లగా? రత్నం వేగం పెంచేస్తాడు. నా చేతిలో తులసిమాల ఉంది. ఒక నామం, ఒక పూస, కర్ర ఒక తిప్పు. మూడు మాలలు అట్లాగే. మధ్యలో ఒక బుడగ లేచింది. రత్నం పట్టకారుతో నిప్పుకణిక తెచ్చి దూరం నుంచే చూపాడు — పోయింది! ఇద్దరం కేక వేశాం.

"నామం తప్పబాకమ్మా, కారిపోతాది" — నాయన. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో.

పున్నమి

ఎండకు ఏడు చుట్లూ మెరుస్తున్నాయి. ఆరు పచ్చ, ఒకటి ఎరుపు. చూసిందే చూస్తున్నాను.

సాయంత్రం నలుగురం అరుగు మీద కూర్చున్నాం. రత్నానికి ఎరుపు మీద పచ్చరంగు పూయాలని. చెంగమ్మకు అన్నీ ఎరుపే చేసేయాలని — "ఒగటే అయితే మచ్చ మాదిరి ఉండాది."

నాయన చేయి చాచాడు. కర్రను మొదటిసారి పట్టుకున్నాడు. ఒక్క విసురు. కొస సన్నగా వణికి నిలిచింది. మళ్లీ విసిరాడు. మళ్లీ.

"దాంట్లో దాసేదేముండాది? బొట్టు బొట్టే. ఎట్టా జరిగిందో దొరకు చెప్పాల. ఆపైన ఆయప్ప ఇష్టం."

"ఎవురు చెప్తారు?" — రత్నం.

"పెట్టినామె!" — నాయన.

అందరూ నవ్వారు. నేనూ. అదే నిర్ణయం. ఎరుపు అట్లాగే ఉంటుంది. రేపు తెల్లవారగానే బండి, రత్నంతో నేనూ రేణిగుంటకు. దొరకు తెలుగు కొంచెం వచ్చట. పనిముట్టుకు బొట్టెందుకో ఆ కొంచెంలో ఎట్లా చెప్పడం...

ఎర్ర చుట్టును ముట్టవద్దని రత్నం రెండుసార్లు చెప్పాడు. ముట్టాను. ఇంకా వేలికి అంటుతోంది.