అత్తయ్య చుక్కాని పట్టాక

అత్తయ్యా, నేనూ మీ అబ్బాయీ చిన్న పడవ వేసుకుని ఒడ్డుకు వెళ్తున్నాం. మంచినీళ్లు నింపుకుని, చిరిగిన తెరచాప కుట్టించుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం. లంగరు గట్టిగానే పట్టింది. అయినా గాలి పెరిగి మీరున్న ఈ పెద్ద పడవ రాళ్లవైపు జరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే రేడియోలో మమ్మల్ని పిలవండి, మా దగ్గరా ఒకటి ఉంటుంది. బొత్తాం నొక్కి పట్టుకుని మాట్లాడాలి. టీ పెట్టుకున్నాక గ్యాస్ కట్టేయడం మరిచిపోకండి.

మీరు వంటగది సర్దిన దగ్గర్నుంచీ నాకు ఒక్క చెంచా దొరికితే ఒట్టు!

"అమ్మకు సముద్రం పడటం లేదు, ఈ దీవి నుంచే ఇంటికి పంపించేద్దాం" అంటున్నాడు మీ అబ్బాయి. నిన్న గాలివానలో మేమిద్దరం తెరచాపతో కుస్తీ పడుతుంటే, వాంతులు చేసుకుంటూ కూడా మీరు చుక్కాని వదల్లేదు. వదిలుంటే ముగ్గురం ఏమయ్యేవాళ్లమో! "ఆవిడ్ని పంపిస్తే ఈసారి చుక్కానీ నువ్వే పట్టు, తెరచాపా నువ్వే దించు" అన్నాను.

మీకే వెళ్లాలని ఉంటే అది వేరే మాట. లేదంటే రేపు పక్క దీవికి ముగ్గురం కలిసే బయల్దేరదాం.

ఇంకో మాట. ఈ పడవెక్కాక మీరు గురక పెట్టి నిద్రపోవడం ఇదే మొదటిసారి. అందుకే లేపబుద్ధి కాక ఈ చీటీ రాసిపెట్టాను.