మామ చొక్కాల బొంత

చింతామణి,
సోమవారం.

అత్తమ్మకు కోడలు వీణ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అబ్బాయి, రక్షిత ముగ్గురం బాగున్నాం. బాగేపల్లిలో మీరు, సహన, అల్లుడుగారు, ఇంకా బయటికి రాని బుజ్జి, నలుగురూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఫోనుండగా ఉత్తరమెందుకని సహన నవ్వుతుంది, నవ్వనీయండి. ఫోన్లో మీకు సగం వినపడదు, మిగతా సగం ఇంట్లో అందరికీ వినపడుతుంది. ఇది మీరొక్కరే చదువుకోవాల్సిన ఉత్తరం. మదనపల్లి బడిలో నేర్చుకున్న నా తెలుగు ఈ కన్నడ సీమలో ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది.

మీరు అడిగినవాటికి జవాబులు. రక్షితకు దగ్గు తగ్గింది. మీరు చెప్పిన మిరియాల కషాయమే తాగించాను. ముక్కు మూసుకుని తాగి, "అవ్వ బాగేపల్లికి పోయినా కషాయం ఈడే ఉండిపాయ" అంది. పాతపాళ్య చేనికి మీ అబ్బాయి పోయిన వారం వెళ్ళొచ్చారు. వాన సరిగా లేదు, శనక్కాయ మొలక పలచగా ఉందట. మీ కుట్టుమిషనుకు కొత్త బెల్టు వేయించాను. సహనను బస్సెక్కించవద్దని డాక్టరు మళ్ళీ చెప్పారటగా, మీరే అక్కడికి వెళ్ళడం మంచిదైంది.

మీరు అన్నిటికన్నా ముందు అడిగిన దానికి మాత్రం జవాబు చివరికి పెట్టుకున్నాను. నా సంగతి మీకు తెలుసు కదా, కాకరకాయ కూరను కంచంలో పక్కకు తోసి ఆఖర్న తింటాను.

మీరు వెళ్ళాక ఇక్కడొక వింత జరిగింది. మా మహిళా సంఘంలో పాత బట్టలు పారేయకుండా ఇంట్లోనే మార్చి కుట్టుకోవడం శనివారాలు నేర్పిస్తున్నారు. నేర్పేది ఎవరనుకున్నారు? నేనే. నడుమ పలచబడిన దుప్పటిని నిలువునా చించి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకు తెచ్చి కుట్టడం చూపించాను. మెడ దగ్గర అరిగిన కాలరును విప్పి తిరగేసి కుట్టడం, ప్యాంటు కాళ్ళతో సంత సంచులు, పాత చుడీదారుతో చిన్నపిల్లకు గౌను. అన్నీ మీ పనులే. పన్నెండేళ్ళు మీ పక్కన కూర్చుని, పైకి మూతి తిప్పుతూ, లోపల నేర్చుకున్నానన్నమాట.

పోయిన శనివారం బట్లహళ్ళి నుంచి వచ్చినామె నేను తిప్పి కుట్టిన కాలరు చేతిలోకి తీసుకుని, కుట్టు యాడుందో వెతికి వెతికి, "ఇది నీకు ఎవురు నేర్పించినారు మేడం?" అని అడిగింది. "ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త నేర్పింది అనడానికి నాకు ఏం నొప్పి? ఆ చప్పట్లు నాకే ఉండాలనిపించింది, అంతే. ఇంటికొచ్చేసరికి మీ ఉత్తరం గడపలో ఉంది.

"మామ చొక్కాల బొంతను ఎలుకలు కొట్టేసినాయంటివే, ఒక మూలైనా మిగిలుంటే వెతుకమ్మా. జానెడు చాలు. బిడ్డకు మొదట తొడగాల్సింది పాతబట్టే. తాత చొక్కాగుడ్డ ఒంటికి తగిలితే ఆయన ఎత్తుకున్నట్లే" అని రాశారు. నాలుగుసార్లు చదివాను.

మామ చనిపోయిన ఏడాది వానాకాలమంతా మీరు ఆ బొంత కుట్టారు. సంతకు వేసుకునే తెల్ల చొక్కాలు, నీలం గీతలవి, చేనికి వేసుకునే మోచేతుల అతుకులది, అన్నీ విప్పి ముక్కలు చేశారు. కుట్టాక ఒక్కరోజు కూడా కప్పుకోలేదు. మంచం మీద ఆయన పడుకునే వైపు పరిచేవారు.

అత్తమ్మా, ఆ బొంతను ఎలుకలు కొట్టలేదు.

ఐదేళ్ళ కిందట బెంగళూరు నుంచి మా అక్క వస్తానంది. మీరు కలుపు తీయించడానికి పాతపాళ్యకు వెళ్ళి ఉన్నారు. అంతకు ముందొకసారి అక్క ఆ బొంత చూసి, "ఇంగా ఇట్లాటివి పెట్టుకోనుండారా?" అని నవ్వింది. అది నా మనసులో ఉండిపోయింది. ఆ పొద్దున స్టీలు సామాన్ల అక్కమ్మ మన వాకిట్లో గంప దించింది. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె, మీకూ తెలుసు. నా చీరలు రెండు ఇచ్చాను. "ఇంగొకటేమన్నా వెయ్యమ్మా, ఈ మూత డబ్బా తీసుకుందువు" అంది. లోపలికెళ్ళి బొంత తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పొరపాటున కాదు, తెలిసే పెట్టాను.

మీరు వచ్చాక ఎలుకలు కొట్టేస్తే పారేశానన్నాను. మీరు మంచం కోడు పట్టుకుని, "పోనీలేమ్మా, నువ్వేం చేస్తావు" అన్నారు. నన్నొక తిట్టు తిట్టి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. మీరు సంతలో ఎలుకల బోను కొనుక్కొచ్చి నెలరోజులు కొబ్బరి ముక్క గుచ్చి పెట్టారు. ఒక్కటీ పడలేదు. "ఎంత తెలివైనవో చూడు" అని ఆశ్చర్యపోయేవారు. ఎండిన ముక్క తీసి కొత్త ముక్క గుచ్చింది నేనే అత్తమ్మా, మీతోపాటు తల కూడా ఊపాను.

ఇంకొకటి ఉంది. కొన్నానని చెప్పిన ఆ డబ్బా చూసి మీరు ఎంతో సంబరపడ్డారు. గిన్నెల మీద పేర్లు కొట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళి మునికృష్ణప్ప అని మామ పేరు వేయించుకొచ్చారు. "ఆయన పేరు మీద ఇంట్లో కొత్తది ఒకటన్నా ఉండాల" అన్నారు. ఐదేళ్ళుగా అందులోంచే రాగిపిండి తీస్తున్నాను. పేరును గోడవైపు తిప్పి పెడతాను. మీరు వచ్చి మళ్ళీ ఇటు తిప్పి పెడతారు.

నిన్న సంతలో అక్కమ్మను వెతికి పట్టుకున్నాను. "నూలు బట్టలు మేము ఉంచుకోమమ్మా. చింపి గ్యారేజీలకు ఏస్తాము, గ్రీసు తుడిచేదానికి. ఐదేండ్లాయ, ఇంగ యాడ వెతుకుతావు?" అంది. సంతలో అందరూ తిరుగుతూ ఉండగానే నాకు ఏడుపొచ్చింది. మీరు ఉతికి, ఆరేసి, ముద్దుగా మడతపెట్టిన చొక్కాలు అవి.

ఒక్క పీలికైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా గాలించాను. దొరకలేదు. మిషను సొరుగులో మామ నశ్యం డబ్బీ మాత్రం ఉంది, మూత తీస్తే గుండీలు. బొంతకు ముక్కలు చేసేముందు మీరు కోసి దాచినవి. వాటిలో కొన్నిటిని నేను ఇన్నాళ్ళూ ఎవరివని ఆలోచించకుండా సంఘంలో కుట్టి చూపించిన గౌన్లకు వాడేశాను. నిన్న సాయంత్రం ఆ ఇళ్ళకు వెళ్ళి, కారణం చెప్పి, విప్పించి తెచ్చుకున్నాను. రెండు దొరకలేదు. వచ్చే శనివారం అందరి ముందూ మీ పేరు చెబుతాను. ఇది మిమ్మల్ని మెత్తబరచడానికి రాయడం లేదు, ఎప్పుడో చెప్పాల్సింది.

బుధవారం మీ అబ్బాయి బాగేపల్లికి వస్తున్నారు. బొంత సంగతి ఆయనకూ నిన్ననే చెప్పాను. చెప్పులేసుకుని బయటికెళ్ళారు. ఆయన చేతికి మామ పేరు కొట్టించిన ఆ స్టీలు డబ్బా ఇచ్చి పంపుతున్నాను, అది మీ దగ్గరే ఉండాలి. గిన్నె ఖాళీగా పంపకూడదని మీరే నేర్పారు, అందుకే గుండీలన్నీ అందులో వేశాను. పురిటిబిడ్డ చొక్కాకు గుండీలుండవు, నాడాలే కడతారని తెలుసు. ఇప్పటికి మీ పాత చీర ఒకటి చించి, మీ చేత్తో కుట్టి తొడగండి. బిడ్డ గుండీల చొక్కా వేసుకునే నాటికి ఇవి కుట్టండి.

మీకు నా ముఖం చూడాలని లేకపోతే ఆ డబ్బాను ఖాళీగా తిప్పి పంపండి, నాకు అర్థమవుతుంది. అందులో గుప్పెడు రాగులు పోసి పంపినా చాలు, ఆ మర్నాడు మొదటి బస్సుకే వచ్చేస్తాను.

ఇట్లు,
మీరు ఇంకా అలాగే పిలిస్తే,
మీ కోడలు
వీణ