జోడీ పేరు మీద బహుమతి

సండర్లాండ్

బావా,

నువ్వు మళ్ళీ సముద్రంలో చమురు రిగ్గు మీదికి వెళ్ళిపోయాక, నిన్న మా లిఫ్టుల కంపెనీ మేనేజరు క్లైవ్ మీ ఇంటికి వచ్చాడు, నేనక్కడే ఉన్నాను. మన పిల్ల జోడీని సమాధి చేసి నెలైనా కాలేదు, అప్పుడే దాని పేరు మీద ఉత్తమ అప్రెంటిస్ బహుమతి పెడతారట. మొదటిది నీ చేతుల మీదుగా ఇప్పించాలట.

నువ్వు ఒప్పుకునే ముందు ఒక సంగతి తెలుసుకో. కొత్తవాళ్ళకు పని నేర్పడానికని కంపెనీ జీతాల మీద పన్ను కడుతుంది కదా, శిక్షణకు వాడుకోకపోతే ఆ డబ్బు సర్కారుకు పోతుంది. మావాళ్ళు దాంతో మేనేజర్లను బిజినెస్ కోర్సుకు పంపి, వాళ్ళనే అప్రెంటిస్‌లని రాసుకున్నారు. జోడీ వెళ్ళి అప్రెంటిస్‌గా చేర్చుకోమని అడిగితే, "ఈ ఏడు ఖాళీల్లేవమ్మా, హెల్పరుగా చేరు" అన్నారు. హెల్పరుకి శిక్షణ ఉండదు. లిఫ్టు గోతిలో ఎక్కడ నిలబడకూడదో దానికెవరూ చెప్పలేదు. లిఫ్టు దాని మీదికి దిగిన రోజు నేను వేరే చోట పనిలో ఉన్నాను.

"మొదటి బహుమతి ఎవరికయ్యా?" అని అడిగాను.

"అప్రెంటిస్‌లందరిలో నాకే మార్కులు ఎక్కువొచ్చాయి," అన్నాడు క్లైవ్.

అక్క వంటగదిలోంచి అంతా వింది. అతని కోటు తెచ్చి చేతికిచ్చి, వీధి తలుపు తీసి నిలబడింది. అతను వెళ్ళాక, అక్కకు అంత్యక్రియల నాడు కూడా రాని ఏడుపు వచ్చింది. ఇంకా ఆగలేదు.

వచ్చెయ్, బావా.

నీ బావమరిది