అరవై రెండేళ్ళ కోరపన్ను

మార్చి 3, సోమవారం. ఎండ. గాలి లేదు. పొద్దున క్లినిక్ వెనకగదిలో సింకు కింద గట్టిపడ్డ ప్లాస్టరు గీకాను. ముప్పావు బకెట్ వచ్చింది.

మధ్యాహ్నం రిటైరైన పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. పోయిన నెల నేను కట్టిన పళ్ళ సెట్టును జేబురుమాల్లో చుట్టుకుని తెచ్చాడు. కింద ఎడమవైపు గుచ్చుకుంటోందట. డాక్టరమ్మ ముందుగదిలో రూట్ కెనాల్ చేస్తోంది. ఆయన గంటసేపు కూర్చుని, "పోన్లెండి, జావ తాగుతున్నాగా" అని వెళ్ళిపోయాడు. రెండు గదుల మధ్య అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. నోట్లో పెట్టి చూస్తే ఎక్కడ గుచ్చుకుంటోందో తెలుస్తుంది. రెండుసార్లు అరగదీసే రాయి తాకిస్తే చాలు. కాని నేను రోగి నోట్లో వేలు పెట్టకూడదు. అది నియమం. ఇరవై రెండేళ్ళుగా పళ్ళు నావి, నోరు నాది కాదు.

సాయంత్రం డాక్టరమ్మ బల్లమీది పేపర్లో దంతవైద్య కళాశాల ప్రవేశపరీక్ష ప్రకటన చూశాను. వయోపరిమితి లేదు. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ లేదు. పన్నెండో తరగతి నా అంతట నేను చదువుకుని ముప్పయ్యో ఏట పాసయ్యాను. కాబట్టి అర్హత ఉంది. ఇప్పుడు నలభై ఆరు. ఐదేళ్ళ చదువు. డాక్టరయ్యేసరికి యాభై ఒకటి వస్తుంది. చదవకపోయినా వస్తుంది.

పరీక్షలో మూడు భాగాలు: సైన్సు పాఠాలు, ఆకారాలు, చేతిపని. మే 18న. డెబ్బై ఆరు రోజులు.

తీర్మానం:
4.30కి లేవాలి.
4.40 నుంచి 6.40 దాకా చదువు.
టీ ఒక్కసారే.
ఎవరికీ చెప్పకూడదు.

కట్టిన పళ్ళు: 28. చదివిన పేజీలు: 0.

మార్చి 4, మంగళవారం. ఎండ. 4.28కే లేచాను. అలారం కన్నా రెండు నిమిషాలు ముందు. మంచి సూచన.

5.10. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, కడుపు బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి లైటేసుకుని ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు తాగుతున్నా."

"కూర్చునా?"

పుస్తకం మీద కూర్చున్నానని చెప్పలేదు.

పద్నాలుగు పేజీలు చదివాను. పుస్తకం మొత్తం 612 పేజీలు. అంటే నలభై నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఇంకా ముప్పై ఒక్క రోజులు మిగులుతాయి. వాటితో ఏం చెయ్యాలో ఆలోచించాలి.

పళ్ళు: 28. పేజీలు: 14.

మార్చి 9, ఆదివారం. మబ్బు. ఆకారాల పుస్తకం మొదలుపెట్టాను. కాగితం మడిచి చిల్లు పొడిస్తే, విప్పినప్పుడు ఎన్ని చిల్లులుంటాయి? పేర్చిన ఘనాల్లో వెనక దాక్కున్నవి ఎన్ని? నలభై ప్రశ్నలు. నలభైకి నలభై. సరిచూశాను. మళ్ళీ సరిచూశాను. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ ప్లాస్టరు అచ్చుల్లో తలకిందులుగా, లోపలిది బయటికి తిప్పి చూసినవాణ్ణి. ఇదంతా చదువని నాకెవరూ చెప్పలేదు.

నడుచుకుంటూ కూరగాయలకి వెళ్ళాను. దారిలో ఇల్లు కడుతున్నచోట ఇటుకల గుట్ట ఉంది. కనబడనివి 212. కూరగాయలు తేకుండా తిరిగొచ్చాను.

పళ్ళు: సెలవు. పేజీలు: 22.

మార్చి 12, బుధవారం. ఎండ. గుట్టు బయటపడింది.

మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కొలతలకి పాత న్యూస్‌పేపర్లు కత్తిరిస్తుంది. నిన్న నేను కొత్త పెన్ను పనిచేస్తోందా లేదా అని ఒక పేపరు అంచున నా పేరుకి ముందు "డా." పెట్టి సంతకం చేసి చూశాను. ముప్పై ఒక్కసార్లు చూశాను. ఆ పేపరే ఆమె చేతికి చిక్కింది.

"ఏమండీ, ఎవరీ డాక్టరుగారు? మీ పేరే పెట్టుకున్నాడు."

పెన్నుకి మూత పెట్టాను.

"చెయ్యి చూస్తే మీది. చదువు చూస్తే ఆయనది. చంక దగ్గర సంతకం వచ్చింది, ఇప్పుడిది ఎవరికి కుట్టను?"

చెప్పేశాను. పోస్ట్‌మ్యాన్ సంగతి కూడా చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది. నవ్వుతుందనుకున్నాను.

"నాలుగున్నరకి లేచేవాడు వంటింట్లో నక్కడమెందుకు? హాల్లో కూర్చోండి, ఫ్యానుంది."

పళ్ళు: 14. పేజీలు: 14.

మార్చి 23, ఆదివారం. ఎండ. ఇప్పుడు మా ఆవిడే పరీక్ష పెడుతోంది. మిషను తొక్కుతూ అడుగుతుంది, మిషను మోతకి నేను అరిచి చెప్పాలి. ఆమె కూడా అరిచే అడుగుతుంది.

"చిన్నపేగు పొడవెంత?"

"చెప్తా ఉండు."

"ఎంతసేపుండాలి? ఈ పక్క కుట్టు అయిపోతోంది."

గోడ అవతలినుంచి పక్కింటి పిన్నిగారి గొంతు వినబడింది: "ఆరు మీటర్లు నాయనా. పొద్దుట్నించీ వింటున్నా. కాస్త కునుకు తియ్యనివ్వండి."

పేజీలు: 17. పిన్నిగారు కూడా అంతే.

ఏప్రిల్ 2, బుధవారం. ఉక్క. రసాయనశాస్త్రం మొదలైంది. మొదటి పేజీ బాగుంది, చదివాను. రెండో పేజీ మొదటి పేజీ మీద ఆధారపడి ఉంది. కాబట్టి మొదటి పేజీ మళ్ళీ చదివాను.

పళ్ళు: 28. పేజీలు: 1, రెండుసార్లు. కలిపితే 2.

ఏప్రిల్ 5, శనివారం. ఉక్క. లోపం నాలో లేదు, టైంటేబుల్లో ఉంది. కొత్తది గీశాను. నాలుగు రంగులు. జీవశాస్త్రం ఆకుపచ్చ, భౌతికం నీలం, రసాయనం ఎరుపు, విరామం పసుపు. గీయడానికి రెండు ఉదయాలు పట్టింది. గోడకి అంటించాను. దూరంనుంచి చూస్తే పసుపే ఎక్కువుంది.

పేజీలు: 0. టైంటేబులు: 1.

ఏప్రిల్ 8, మంగళవారం. వాన పడేలా ఉండి పడలేదు. అక్షరాలు మసకగా కనబడుతున్నాయి. కొత్త కళ్ళద్దాలకి ఇచ్చాను. ఆరు రోజులు పడుతుందన్నాడు. కళ్ళని శ్రమపెట్టకూడదు కనుక అందాకా చదువు ఆపాను. 4.30కి మాత్రం లేస్తున్నాను. లేచి కూర్చుంటున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం. ఎండ. కళ్ళద్దాలు వచ్చాయి. రసాయనశాస్త్రం ఇప్పుడు చాలా స్పష్టంగా అర్థం కావడం లేదు.

ఏప్రిల్ 19, శనివారం. ఎండ. చేతిపనిని నిర్లక్ష్యం చేస్తున్నానేమోనని అనుమానం వచ్చింది. అన్ని భాగాలకీ సమానన్యాయం చెయ్యాలి. సుద్దముక్కల డబ్బా కొన్నాను. పొద్దున ఒక దవడపన్ను చెక్కాను. చాలా బాగా వచ్చింది. ఇంకొకటి చెక్కాను.

పళ్ళు: క్లినిక్‌లో 28, ఇంట్లో 5. పేజీలు: రేపటినుంచి.

ఏప్రిల్ 27, ఆదివారం. గాలి. సుద్ద పళ్ళు పంతొమ్మిదయ్యాయి. ఇవాళ మా ఆవిడ ముందుపన్ను చెక్కాను, అంచున చిన్న విరుపుతో సహా. దారం పళ్ళతో కొరికీ కొరికీ వచ్చిన విరుపు. ఆమెని నోరు తెరవమనలేదు. చూడకుండానే వచ్చింది.

"ఇది నాదే," అంది. "రసాయనం ఎంతవరకు వచ్చింది?"

"చూశావా, ఆ మూల గీత కూడా..."

"రసాయనం."

పన్ను మీది సుద్దపొడి ఊదాను. ఆమె ఆ పన్నుని బొత్తాల డబ్బాలో వేసుకుంది.

మే 1, గురువారం. ఎండ. మధ్యాహ్నం వెనకగదిలో పుస్తకం తెరిచి, తల వాల్చాను. లేచేసరికి ఎదురుగా డాక్టరమ్మ.

"మీ చెంప మీద ఆవర్తన పట్టిక అచ్చుపడింది," అంది. "సగమే ఉంది. రెండోవైపు కూడా పడుకోండి, పూర్తవుతుంది."

లేచి నిలబడ్డాను. పుస్తకం ఎందుకో ఆమె అడగలేదు. అట్ట చూసింది. నేను ఇంటినుంచి తెచ్చి కిటికీలో పేర్చుకున్న సుద్ద పళ్ళు చూసింది. ఒకటి తీసి వెలుతురులో తిప్పింది.

"చేతిపనిలో నేను మొదటిసారి తప్పాను, తెలుసా? నేను చెక్కింది చూసి పరీక్షాధికారి ఇది పన్నా, పావురమా అన్నాడు. ఎన్ని రోజులుంది?"

"పదిహేడండీ."

"రసాయనం?"

"ఉందండీ."

తన పాత నోట్సు తెచ్చిస్తానంది. ఎగిరి గంతేయాలనిపించింది. కాళ్ళ దగ్గర ప్లాస్టరు గిన్నె ఉండి ఆగాను.

మే 17, శనివారం. మబ్బు. నోట్సు వచ్చి పదిహేను రోజులైంది. అట్ట వేశాను. రేపే పరీక్ష. మిగిలిన పేజీలు 331. పొద్దున నాలుగింటినుంచి ఏడింటిదాకా చదివితే నిమిషానికి రెండు పేజీల చొప్పున అయిపోయి, ఇరవై తొమ్మిది పేజీలకి టైము మిగులుతుంది.

మే 18, ఆదివారం. సన్నటి జల్లు. 6.50కి లేచాను.

8.30. పరీక్ష హాలు గేటు. కాపలాదారు చెయ్యి అడ్డంపెట్టాడు.

"పిల్లల్ని పంపించి తండ్రులు అటువైపు నిలబడాలి సార్."

హాల్‌టికెట్ చూపించాను. ఫొటో చూశాడు, నన్ను చూశాడు.

"మీ అబ్బాయి ఫొటో అనుకుంటా, పెద్దగా కనబడుతున్నాడు."

"నేనే."

"వెళ్ళండి సార్," అని, గేటు రెండు రెక్కలూ తీశాడు. పిల్లలకి ఒక రెక్కే తీస్తున్నాడు.

9.00. సైన్సు. చిన్నపేగు రాలేదు. పెద్దపేగు వచ్చింది.

11.00. ఆకారాలు. గంట టైమిచ్చారు. ఇరవై ఆరు నిమిషాల్లో అయిపోయింది. మిగతా సేపు కిటికీ బయట పేర్చిన కుర్చీలు లెక్కపెట్టాను.

12.30. చేతిపని. మైనం దిమ్మ, చిన్న కత్తి, కొలతలున్న బొమ్మ. పై కుడి కోరపన్ను. అరగంట. పక్క బెంచీ అమ్మాయి కత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. నా చేతులు హుషారుగా ఉన్నాయి. పద్దెనిమిది నిమిషాల్లో బొమ్మలో ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది. అక్కడ కత్తి కింద పెట్టాలి.

పెట్టలేదు. పన్నెండు నిమిషాలున్నాయి. ఆ మొన మరీ సూదిగా ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్ళెవరికీ అలాంటి పన్ను పెట్టను. పెడితే కట్టుడు పన్నని పది అడుగుల దూరంనుంచి తెలిసిపోతుంది, నాలుక కూడా కోసుకుంటుంది. కొంచెం అరగదీశాను. చిగురు దగ్గర బ్రష్షు గీకిన గాడి పెట్టాను. రోజూ చేసే పని, చెయ్యి దానంతటదే చేసేసింది.

పరీక్షాధికారి తీసుకుని కొలబద్ద పెట్టాడు. కొలబద్ద తీసేసి, ఊరికే చూశాడు.

"ఎవరిదండీ ఈ పన్ను?"

"అరవై రెండేళ్ళుంటాయండీ."

"బొమ్మలో వాడికి ఇరవై."

అప్పుడు తెలిసింది. ఒకటిన్నర మిల్లీమీటరు పొట్టి. తిరిగి అతికించడానికి మైనం లేదు, టైమూ లేదు. ఆయన నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టేలోపే ఆయన పై వరసలో ఎడమపక్క ఒక పన్ను ఖాళీ కనబడింది. కొలత నాకు తెలిసిపోయింది, కాని చెప్పలేదు.

జూన్ 9, సోమవారం. వాన. ఫలితాలు. సైన్సు 100కి 19. ఆకారాలు 50కి 50. చేతిపని 30కి 11, పక్కన "కొలత తప్పు" అని రాసి ఉంది.

మా ఆవిడకి కాగితం ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"యాభైకి యాభయ్యా?"

"సైన్సు చూడు."

"చూశాను. యాభైకి యాభై అని ఉంది," అని, గోడ దగ్గరికెళ్ళి పిన్నిగారికి చెప్పింది. సైన్సు సంగతి చెప్పలేదు.

నవ్వుతూనే ఉన్నాను. అద్దం ముందు ముఖం కడుక్కునేటప్పుడు మాత్రం కొంచెంసేపు నవ్వలేదు.

పళ్ళు: 28.

జూన్ 11, బుధవారం. తెరిపి. పోస్ట్‌మ్యాన్ మళ్ళీ వచ్చాడు. అదే జేబురుమాలు. మూడు నెలలుగా జావే తాగుతున్నాడట, మనిషి చిక్కిపోయాడు. అద్దం ఇవతల నిలబడి చూస్తున్నాను. డాక్టరమ్మ సెట్టు ఆయన నోట్లో పెట్టి, అద్దంవైపు తిరిగి, వేలితో రమ్మంది.

"నేనా అండీ?"

"ఈ పళ్ళు కట్టింది నేనైతే నేనే వస్తాను."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి రోగి ఉండగా ముందుగదిలో నిలబడ్డాను. ఆమె చిన్న అద్దం పట్టుకుంది, లైటు వంచింది. నోటికి జానెడు దూరంలో నా వేలు. ముట్టుకోలేదు.

"అదిగో అక్కడండీ. ఆ అంచు చిగురు మడత మీదికి వచ్చింది. రెండుసార్లు చాలు."

ఆమె సెట్టు తీసి రెండుసార్లు రాయి తాకించింది. మూడోసారి తాకించబోతే "చాలండీ" అన్నాను. ఆగింది.

పోస్ట్‌మ్యాన్ జేబులోంచి బిస్కెట్ తీశాడు. అంటే మూడు నెలలుగా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడేమో. కొరికాడు. ఎడమవైపు నమిలాడు. ఇంకొకటి తీసి నాకిచ్చాడు.

"నోరు ముట్టుకోకుండానే ఇంత చేశారు," అన్నాడు. "ముట్టుకుంటే ఏమయ్యేదో."

బిస్కెట్ మెత్తబడింది. మొత్తం తిన్నాను.

జూన్ 12, గురువారం. ఎండ. 4.29కి లేచాను. వచ్చే పరీక్ష మే మూడో ఆదివారం. ఇంకా 339 రోజులు. రోజుకి రెండు పేజీలు చదివినా 678. పుస్తకం కన్నా 66 పేజీలు ఎక్కువ. వాటికి ఇంకో పుస్తకం చూడాలి.

తీర్మానం:
రసాయనంతోనే మొదలు.
టైంటేబులు గీయకూడదు.
పన్ను పూర్తయ్యాక కత్తి కింద పెట్టాలి.

హాల్లో ఫ్యాను వేసి ఉంది. ఎవరు వేశారో అడగలేదు. సింకు కింద ప్లాస్టరు మళ్ళీ పేరుకుంది, ఇవాళ గీకాలి. ముందు ఈ రెండో పేజీ సంగతి చూసి, అది మొదటి పేజీ మీద ఎందుకు ఆధారపడిందో ఇప్పుడు కొంచెం తెలుస్తున్నట్టుంది, అక్కడ ఒక ఎలక్ట్రాన్ ఇస్తే ఇక్కడ