అది ఎవరి బంతి

1979 ఏప్రిల్ 14

బేస్‌బాల్ పెద్ద జట్టులోకి పిలిచారు. మేనేజర్ అడిగాడు — థర్డ్ బేస్ ఎప్పుడైనా ఆడావా? ఆడానన్నాను. జన్మలో ఆడలేదు. నాలాంటివాడు 'లేదు' అనకూడదు. ఎవరు రాకపోతే వాళ్ల చోట నిలబడే ఉద్యోగం నాది. సంచిలో మూడు రకాల గ్లవ్స్.

తెలుగులో రాసుకుంటే లాకర్ రూమ్‌లో ఎవరి కంట పడినా భయం లేదు. ఏడేళ్లప్పుడు ఈ దేశం వచ్చినా రోజుకో పేజీ రాయించిన అమ్మ పుణ్యం.

1980 నవంబర్ 22

సీజన్ లేదు. నోవై ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లోనే. భోజనాలకి వచ్చిన ప్రసాద్ అంకుల్ — "ఏ పొజిషన్ బాబూ నీది?" అన్నీ ఆడతాను అంకుల్. "అన్నీ అంటే పర్మనెంట్ కాదన్నమాట." నాన్న ఆయనకి ఇంకాస్త పెరుగు వడ్డించాడు.

1984 జూన్ 3

ఎనిమిది రోజులుగా బెంచీ మీదే. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ.

జూన్ 6

సెకండ్ బేస్ కుర్రాడి భార్యకి నొప్పులు. ఇవాళ్టికి అక్కడ నన్ను ఆడమన్నారు.

జూన్ 7

నిన్న ఐదో ఇన్నింగ్స్. బంతి నిటారుగా పైకి లేచింది, నాకూ డెనీకీ మధ్య. డెనీ షార్ట్‌స్టాప్, నా పక్క చోటు. ఆరేళ్లుగా అతనిదే. ఇలాంటప్పుడు ముందు 'నాది' అని అరిచినవాడిది బంతి, రెండోవాడు తప్పుకోవాలి. చిన్నపిల్లలకీ తెలుసు.

పరుగెత్తాను... పైకే చూస్తున్నాను... తర్వాత నోట్లో మట్టి. బంతి నా గ్లవ్‌లోనే ఉంది. డెనీ భుజం ఉండాల్సిన చోట లేదు.

అది అతనివైపు బంతి. అన్ని చోట్లా ఆడీ ఆడీ నా కాళ్లకి హద్దులు తెలియకుండా పోయాయి. లేక తెలిసే వెళ్లాయా?

జూన్ 8

మేనేజర్ గదిలోకి పిలిచాడు. "డెనీకి ఈ సీజన్ అయిపోయినట్టే. రేపటినుంచి షార్ట్ చోటు నీది. రోజూ."

ఐదేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే చూశాను. ముందు సంతోషమే వచ్చింది. డెనీ ఆ తర్వాతే గుర్తొచ్చాడు. సిగ్గేసింది.

జూన్ 9

రెండు హిట్లు. ఒక్క తప్పూ లేదు. జనం నా పేరు అరిచారు, సగం తప్పుగా.

అమ్మ ఫోన్. "ఇన్నాళ్లకి నీకంటూ ఒక చోటు దొరికింది నాన్నా. ఆ అబ్బాయికి ఎలా ఉంది?" బాగానే ఉందన్నాను. నాకేం తెలుసని అన్నానో.

జూన్ 10

పేపర్ విలేకరి — నువ్వు అరిచావు, అతనికి వినపడలేదు, అంతేగా? నవ్వి షూ విప్పుకున్నాను.

జూన్ 11

పొద్దున డెనీ ఇంటికి వెళ్లాను. చెయ్యి మెడకి కట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వెళ్లాను. నోరు తెరవనివ్వలేదు.

"నీ గొంతు విన్నాను. విని కూడా ఆగలేదు. తప్పు నాదేనని మేనేజర్‌కి చెప్పేశాను."

ఊఁ అన్నాను. ఎందుకన్నాను? తర్వాత గంటసేపు రేపటి ఎదుటి జట్టులో ఎవరు ఎటు కొడతారో చెప్పాడు, ఎడమచేత్తో టేబుల్ మీద గీసి చూపిస్తూ. అతను చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి.

గుర్తు లేనిది ఒక్కటే. ఆ రోజు గాలి పీల్చిన గుర్తుంది. నోరు తెరిచిన గుర్తుంది. అరుపు మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. డెనీ అబద్ధమాడే మనిషి కాదు. నన్ను కాపాడాలని అన్నాడా, నిజంగానే విన్నాడా... అరవలేదని చెబితే షార్ట్ పోతుంది, బహుశా జట్టే పోతుంది. అరిచి ఉంటే? చెప్పడానికి ఏముంది?

జూన్ 12

ఒంటిగంటకి ఆట. గోడమీది కాగితంలో షార్ట్‌స్టాప్ పక్కన నా పేరు.

డెనీ నంబర్ సగం తిప్పి ఫోన్ పెట్టేశాను. రెండుసార్లు.