వంటింటి కిటికీలో నీ మనీప్లాంట్

శారదా,

నువ్వు పోయాక మీ ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది నీ మనీప్లాంట్ ఒక్కటే. నీ గుర్తు కదా అని దేవుడి గదిలో పెట్టాను. రోజూ పూజయ్యాక చెంబులో మిగిలిన నీళ్ళు పోసి నిన్ను తలుచుకునేదాన్ని. ఆ గదికి కిటికీ లేదన్న సంగతే నాకు తోచలేదు. ఆకులన్నీ పండి రాలిపోయి, చివరికి రెండే మిగిలాయి.

పోయిన నెల నీ కూతురు లత వచ్చి కుండీ చూసింది. "ఏంటి పెద్దమ్మా, దీన్ని కూడా దేవుడి దగ్గరికి పంపేస్తావా?" అని, తనే నవ్వేసింది. నువ్వు పోయాక అది నవ్వగా చూడటం అదే మొదలు.

ఇద్దరం కుండీ పట్టుకుని ఇల్లంతా తిరిగాం. వరండాలో పెడదామంటే ఎండ మాడ్చేస్తుంది, పైగా ఎదురుగా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. వంటింట్లో ఉత్తరపు కిటికీ దగ్గర వెలుతురుంది, ఎండ పడదు. నువ్వొచ్చినప్పుడల్లా ఎక్కి కూర్చునే గట్టు అదే. "అమ్మయితే ఇక్కడే పెట్టేది" అంది లత.

రేపు నీ సంవత్సరీకం. ఈ పొద్దున పాలు కాస్తుంటే తీగ కొసన ఇంకా విచ్చుకోని లేతాకు కనిపించింది. వెంటనే లతకి ఫోన్ చేశాను.

"రేపొస్తున్నాగా పెద్దమ్మా, అప్పటిదాకా దానికి తీర్థం పోయకు" అంది.

దీపం దేవుడి గదిలోనే పెడుతున్నాను. నీతో మాట్లాడాలంటే మాత్రం వంటింట్లోకి వస్తున్నాను.

అక్క