సింధును అడిగాను

లావణ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

పక్కింటి సింధు వారం నుంచి బడికి పోనంటోంది, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. నువ్వూ అలాగే ఉంటే పరీక్షల భయమనుకుని కసిరాను. నీ ఫోన్‌లో నిన్ను ఏడిపిస్తూ వచ్చిన మెసేజ్‌లు నువ్వు పోయాకే చూశాను. ఈసారి బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి సింధు దగ్గర కూర్చున్నాను.

“ఏమైంది బిడ్డా? నేనేమనను, చెప్పు.”

తోటి పిల్లలు దాని నత్తిని వెక్కిరిస్తూ వీడియో చేసి తరగతి గ్రూపులో తిప్పుతున్నారట.

“నా ఫోన్ల డిలీట్ చేస్త పెద్దమ్మా,” అని ఏడ్చింది.

“వద్దు, సారుకు సూపెడుదాం. నీ తప్పేం లేదు.”

వాళ్ళమ్మతో కలిసి బోధన్‌లోని బడికి వెళ్ళి చూపించాం. హెడ్మాస్టరు ఆ పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, వీడియో చెరిపించాడు.

తిరిగి వస్తుంటే సింధు నా చెయ్యి పట్టుకుంది.

“లావణ్యక్కను గూడ గిట్లనే అడిగినవా?”

“లేదు బిడ్డా,” అన్నాను.

అమ్మ